చెరుకని వెలిగించిన కర్పూరం

అనకాపల్లి నుంచి అచ్యుతాపురం పోయే రోడ్డు మీద, లారీల కాటా దాటాక, ఎడమ చేతి వైపు ఒక రేకుల షెడ్డు ఉంది. చుట్టుపక్కల వాళ్ళు దాన్ని దారాల కంపెనీ అంటారు. తప్పేం కాదు. లోపల తయారయ్యేది దారమే. కాకపోతే దాంతో ఎవరూ బట్ట కుట్టరు. సేమ్యా కన్నా సన్నగా, మధ్యలో బోలుగా ఉంటుంది. గాలి తగలనివ్వకుండా ఫర్నేసులో కాలిస్తే ఆ దారం బూడిద కాదు, ఆకారం చెడకుండా బొగ్గవుతుంది. ఆ బొగ్గు గోడలో కంటికి కనిపించని సందులుంటాయి. పేడ గ్యాసుని అందులోకి పంపితే బొగ్గుపులుసు వాయువు ఆ సందుల్లోంచి బయటికి జారుకుంటుంది. కాస్త లావుగా ఉండే మీథేన్ లోపలే ఉండిపోతుంది. ఆ మిగిలినదానితో బండి నడుస్తుంది.

గంగాభవాని ఇదంతా తన తల్లికి ఒకసారి చెప్పింది. తల్లి దేముడమ్మ అనకాపల్లి మార్కెట్లో చేపలమ్ముతుంది.

"వల కన్నే కదేటి," అంది దేముడమ్మ, గంపలో పీతల్ని సర్దుతూ. "కన్ను సిన్నదైతే ఒకటి, పెద్దదైతే ఇంకోటి. కాపోతే మీ నాన్న వల్లో సేప మిగుల్తాది, నీ వల్లో గాలి మిగుల్తాది. గాలికి ఎవుడిత్తాడే డబ్బులు?"

"ఇత్తారులే అమ్మా. సందు సరిగ్గా పడితే ఇత్తారు."

"పడకపోతే?"

భవాని నవ్వేసింది. అప్పటికింకా ఆ మాటకి నవ్వగలిగే రోజులే.

ఆమెది ఎస్. రాయవరం మండలంలో సముద్రపు ఒడ్డు ఊరు. తండ్రి అప్పలరాజు వేటకెళ్ళేవాడు. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి భవాని. విశాఖలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసి ఒక మందుల ఫ్యాక్టరీ ల్యాబులో చేరింది. అక్కడ ఒక శాంపిల్ ఫెయిలైతే, పాసయ్యేదాకా మళ్ళీ మళ్ళీ టెస్టు చేయించేవారు. పాసైన రోజు సంగతే పైకి పోయేది. మిగిలిన రోజుల సంగతి ఎవరూ అడిగేవారు కాదు.

ఆ ల్యాబులోనే ఎన్‌ఎంపీ అనే ద్రావకం ఉండేది. గట్టి పదార్థాల్ని కూడా కరిగించి పాకం చేస్తుంది. దాని వాసన ఘాటుగా ఉండదు. కొంచెం చేపల నీచులా ఉంటుంది. ఆ వాసన వస్తే పక్క సీటు అమ్మాయిలు ముక్కు చిట్లించి లేచి కిటికీ తెరిచేవారు. చేపల గంప పక్కన పెరిగిన భవానికి అదొక వాసనలా తోచలేదు. కిటికీ జోలికి పోకుండా తన సీట్లోనే కూర్చుని పనిచేసుకునేది. పెళ్ళైన రెండో ఏడు కడుపు పోయింది. తర్వాత మళ్ళీ నిలవలేదు. గర్భిణులు ఆ ద్రావకానికి దూరంగా ఉండాలని డ్రమ్ము మీద రాసే ఉంటుంది. దానివల్లే పోయిందని ఏ డాక్టరూ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. భర్త కన్నబాబు కంటైనర్ లారీ నడుపుతాడు. ఆ కడుపు సంగతి ఇంట్లో ఎత్తడు.

ఆ ఉద్యోగం మానేశాక ఆమె దారాల కంపెనీలో చేరింది. ఎరువుల ఫ్యాక్టరీలో ఇంజనీరుగా రిటైరైన కృష్ణబాబు పెట్టిన షెడ్డు అది. చేరిన రోజే ఆయన ఆమెకి అప్పగించిన పని ఒక్కటే. ఏ పదార్థంతో దారం తియ్యాలో తేల్చడం. ఎందుకంటే ఏది కాలిస్తే ఆ రకం బొగ్గే వస్తుంది. ఏ బొగ్గయితే ఆ రకం సందులే పడతాయి. అది తేలితే తప్ప ఒక్క ఆర్డరూ రాదు.

మొదట ఫినాలిక్ రెజిన్ చూశారు. చవక, దగ్గర్లోనే దొరుకుతుంది. కాల్చి బయటికి తీస్తే అప్పడంలా విరిగింది. తర్వాత పాలిఇమైడ్. విదేశాల నుంచి వచ్చే పసుపు పొడి. దాని బొగ్గు గట్టిది, సందులు సమంగా పడతాయి, ప్రతి బ్యాచీ దాదాపు ఒక్కలాగే వస్తుంది. కానీ ఆ పొడిని కరిగించాలంటే ఎన్‌ఎంపీ కావాలి. ద్రావకం డ్రమ్ములు షెడ్డుకి వచ్చిన రోజు భవాని వాటి మీది రాతని మళ్ళీ చదివింది. ఇన్నాళ్ళకి మళ్ళీ అదే.

దారం తీసే గదిలో పనిచేసేది ఆడవాళ్ళే. పాకాన్ని సన్నటి రంధ్రంలోంచి నీళ్ళ తొట్టిలోకి జార్చి, తెగకుండా చుట్టాలి. చేతి నైపుణ్యం కావాలి. అందరిలోకీ దుర్గ చేతిలో దారం తెగేది కాదు. పాతికేళ్ళు లేవు, మాకవరపాలెం దగ్గర పిల్ల. ఆ వర్షాకాలంలో నీళ్ళోసుకుంది.

"పెద్ద ఫ్యాను పెట్టించండి సార్, గాలి బయటికి లాగేది," అని భవాని కృష్ణబాబుని అడిగింది.

"పెడదామమ్మా. ఆర్డరు రానీ."

"ఆర్డరు రావాలంటే ముందు దారం తియ్యాలి కదా సార్. దుర్గ ఆ గదిలోనే ఉంటోంది."

"మానెయ్యమను కొన్నాళ్ళు."

దుర్గ మానలేదు. మానితే మళ్ళీ ఆ చోటు ఉండదని ఆమెకి తెలుసు. భవానికీ తెలుసు.

మూడో పదార్థం సంగతి అలా వచ్చింది. సెల్యులోజ్ ఎసిటేట్. దీనికి ఎసిటోన్ చాలు. గోళ్ళ రంగు తుడిచేదే. నిప్పుకి దూరంగా ఉంచితే సరి, ఎన్‌ఎంపీ అంత భయం లేదు. సెల్యులోజ్ దేంట్లోంచైనా తియ్యొచ్చు. ఈ జిల్లాలో అయితే చెరకు పిప్పిలోంచి. కాకపోతే బెల్లం వండే చోట పిప్పి మిగలదు, వాళ్ళ పొయ్యికే చాలదు. ఫర్నేసు నడిపే త్రినాధరావు పూనుకుని తెచ్చాడు. ఆయనది రోలుగుంట. ఈ షెడ్డుకి రాకముందు బెల్లం పొయ్యి దగ్గర నిప్పు చూసుకునేవాడు. తన బావమరిది దగ్గర బతిమాలి, ఆటోలో వేసుకొచ్చాడు.

"మా బావమరిది అడిగేడమ్మా, పిప్పితో ఏటి సేత్తారని," అన్నాడు త్రినాధరావు దింపుతూ. "గాలి వడగడతారన్నాను. పిచ్చోణ్ణి సూసినట్టు సూసేడు."

భవాని పిప్పిని ఉడికించి, కడిగి, తెల్లటి పొడి చేసి, పాకం కలిపింది. దుర్గ దారం తీసింది. త్రినాధరావు ఫర్నేసులో పెట్టాడు. ఆ తొలి బ్యాచ్ టెస్టులో బొగ్గుపులుసు వాయువు జారింది, మీథేన్ దాదాపు కదల్లేదు. పాలిఇమైడ్‌ని దాటిపోయింది. భవాని నమ్మక మీటరు మార్చి మళ్ళీ పెట్టింది. అదే వచ్చింది.

కృష్ణబాబు బల్ల మీద గట్టిగా చరిచాడు. "చెరకు పిప్పమ్మా! అనకాపల్లి పిప్పి! ఇంక ఆ పసుపు పొడి కోసం ఓడల వంక చూడక్కర్లేదు. ఆ డ్రమ్ములు తిప్పి పంపించెయ్."

అదే వారం ఆయన గ్యాస్ ప్లాంటు వాళ్ళకి చెప్పేశాడు. మాకవరపాలెం వైపు పేడ గ్యాసు ప్లాంటు కడుతున్న వాళ్ళు. దారం దేనితో చేస్తారో ముందే చెప్పాలి, చెప్పాక మార్చకూడదు అన్నది వాళ్ళ షరతు. సెల్యులోజ్ అని చెప్పాడు. రాతకోతలకి మాత్రం ఇంకా కొన్ని వారాల టైముంది. దుర్గ ఆ సాయంత్రం గదిలో కిటికీలన్నీ తెరిచి, ఎన్‌ఎంపీ డ్రమ్ముల్ని తనే దొర్లించబోతే భవాని తిట్టింది. "కడుపుతో ఉండి డ్రమ్ములు దొర్లిత్తావేటే, పో అవతలికి." ఇద్దరూ నవ్వుకున్నారు.

రెండో బ్యాచ్ బాగా రాలేదు. బొగ్గుపులుసు వాయువుతో పాటు మీథేన్ కూడా ధారాళంగా జారిపోయింది. వానాకాలం తేమ అనుకున్నారు. మూడోది ఇంకా పాడు. పాకం చిక్కదనం మార్చారు. వేడెక్కించే వేగం తగ్గించారు. దారం సన్నం చేశారు. ఏం చేసినా ఓ మాదిరి జల్లెడే వస్తోంది, తొలి బ్యాచ్ లాంటిది రావట్లేదు. కృష్ణబాబు మొదట్లో రోజూ వచ్చి అడిగేవాడు. తర్వాత అడగడం మానేసి గాజు తలుపు అవతల నిలబడి చూసి వెళ్ళేవాడు. త్రినాధరావు ఎందుకో బాగా తగ్గిపోయాడు. టీ తాగడానికి కూడా అందరితో కూర్చునేవాడు కాదు.

డ్రమ్ములు తిప్పి పంపలేదు. గోడవారన టార్పాలిన్ కింద ఉన్నాయి.

గ్యాస్ ప్లాంటు వాళ్ళు వచ్చే వారం సంతకాలకి వస్తారనగా ఫర్నేసు పొగ గొట్టం పూడుకుపోయింది. లోపలి గాలి బయటికి పోయే గొట్టం అది. భవాని విప్పించి, వంపు దగ్గర లోపలికి చూసింది. నల్లటి తారు మామూలే. తారు కింద, గోడకి అంటుకుని తెల్లగా ఏదో పెచ్చు ఉంది. గోటితో గీరి ముక్కు దగ్గర పెట్టుకుంది.

గుడి వాసన.

త్రినాధరావు పక్కనే స్పానరు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన ముఖం చూడగానే భవానికి సగం అర్థమైంది.

"బాబాయ్, ఈ గొట్టంలోకి కర్పూరం ఎలగొచ్చింది?"

ఆయన స్పానరు కింద పెట్టాడు. "కోప్పడవు కదమ్మా?"

"ముందు సెప్పు."

"తొలి పొయ్యికి ఎలిగించేను. టూబు మూతికాడ, లోపలెట్టి."

"ఎందుకూ?"

"ఎందుకేటమ్మా? సెరుకు కదా! సెరుకు తొలి పొయ్యికి కర్పూరం ఎలిగించకుండా నిప్పెడతారేటి ఎవులైనా? మా తాత కాణ్ణించి అదే పద్దతి."

"మరి పాలిఇమైడ్ అన్నిసార్లు కాల్చేం. అప్పుడు ఎలిగించలేదే?"

"ఓలమ్మా, పిలాస్టిక్కుకి ఎలిగిత్తారేటి!"

భవానికి నవ్వు రాబోయి ఆగిపోయింది. "ఎంత పెట్టేవు?"

"గుప్పెడు. బెల్లం పొయ్యికైతే ఇంకా ఏత్తాం." త్రినాధరావు గొంతు తగ్గించాడు. "ఎలిగించి, మూత బిగించి, గేసు తిప్పేనమ్మా. తిప్పగానే ఆరిపోయింది. తొలి పొయ్యి దీపం ఆరిపోతే ఆ ఏడు పాకం నిలవదంటారు. ఆ మాట నీతో ఎలగ సెప్తాను? మంచిగా వచ్చేసరికి అమ్మోరు కాసిందనుకున్నాను. మళ్ళీ పాడైన కాణ్ణించి నాకు నిద్ర నేదు. నా వల్లే అని తెలుసు."

ఆయన వల్లే. ఆయన అనుకున్న తీరులో కాదు.

ఆయన తిప్పింది నైట్రోజన్. నైట్రోజన్‌లో మంట నిలవదు, ఆరి తీరుతుంది. కాలకుండా మిగిలిన కర్పూరం ఫర్నేసు వేడికి ఆవిరై, దారాల మీదుగా ప్రవహించి, విడిపోయి, సందుల మూతుల దగ్గర పల్చటి బొగ్గు పొరగా దిగింది. పెద్ద సందులు బిగుసుకున్నాయి. మిగతా ఆవిరి గొట్టంలో చల్లబడి గడ్డ కట్టింది. ఆ తొలి బ్యాచ్ గొప్పతనం పిప్పిది కాదు, కర్పూరానిది.

భవాని గొట్టం కింద పెట్టి గోడవారన టార్పాలిన్ వంక చూసింది.

ఎవరికీ చెప్పకుండా ఆమె ఇంకో బ్యాచ్ పెట్టించింది. అదే పిప్పి దారం, అదే గుప్పెడు కర్పూరం. త్రినాధరావు వెలిగించబోతే అగ్గిపెట్టె లాక్కుంది. బయటికి తీసి ఒక్కో దారాన్నీ విడివిడిగా టెస్టు చేసింది. కర్పూరం పెట్టిన వైపున్నవి పూర్తిగా పూడిపోయాయి, ఏ వాయువూ జారలేదు. అవతలి చివర ఉన్నవాటికి కర్పూరం సోకనే లేదు. మధ్యలో కొన్ని అద్భుతంగా ఉన్నాయి. తొలి బ్యాచ్‌లో టెస్టుకి పట్టుకెళ్ళినవి ఆ మధ్యలోవే అయ్యుంటాయి. కట్టలో పైకి కనిపించిన చక్కటి దారాలు ఏరుకుంది ఆమే.

మర్నాడు మధ్యాహ్నం దుర్గ అన్నం డబ్బా తెచ్చుకుని పక్కన కూర్చుంది. పొట్ట కనిపిస్తోంది.

"అక్కా, ఆ డ్రమ్ములు ఎప్పుడు పట్టుకెళ్తారు?"

"ఏం?"

"ఊరికే. ఉన్నాయి కదాని."

భవాని పచ్చడి కలుపుకుంది కానీ తినలేదు. ఆ సాయంత్రం ఇంటికి పోకుండా మార్కెట్‌కి వెళ్ళింది. దేముడమ్మ ముందు నాలుగు వంజరాలు, కొంచెం రొయ్య మిగిలాయి. బేరం తెగని మనిషొకడు అప్పుడే వెళ్ళాడు.

"సూసి సూసి ఎల్లిపోయేడు. సేపని పెళ్ళికూతుర్ని సూసినట్టు సూత్తాడు," అంది దేముడమ్మ. తర్వాత కూతురి ముఖం చూసింది. "ఏటైంది?"

భవాని చెప్పింది. తల్లి మధ్యలో అడ్డు రాకుండా వింది.

"సెప్పకపోతే ఏటవుద్ది?"

"కొన్నాళ్ళు బాగుంటాది. దుర్గ నీళ్ళాడి బిడ్డ సేతికొచ్చిందాకా ఆ ద్రావకం ముట్టక్కర్లేదు. తర్వాత ప్లాంట్‌లో గేసు విడిపోదు. బళ్ళు నడవవు. షెడ్డు మూసెత్తారు."

"సెప్తే?"

"ఆ డ్రమ్ములు తెరుత్తారు."

దేముడమ్మ వంజరం మీద నీళ్ళు చిలకరించింది. "మీ నాన్న అనీవోడు. ఒకో రోజు ఎటేపు తిరిగినా గాలి ఎదురేనని."

"అలాటి రోజు ఏటి సేసీవోడు?"

"ఏటి సేత్తాడు? తిట్టుకుంటా తెడ్డేసీవోడు." ఆమె పైకి చూసింది. "ఒలే, ఆ గోనె కప్పు ముందు. గెద్ద కాసుక్కూకుంది."

మర్నాడు పొద్దున్నే భవాని కృష్ణబాబు గదిలోకి వెళ్ళి మొత్తం చెప్పింది. గొట్టం ముక్క కూడా బల్ల మీద పెట్టింది. ఆయన వాసన చూశాడు.

"త్రినాధరావుని పిలవనా?"

"వద్దు సార్. ఆయన తప్పు ఉంది. నా తప్పు కూడా ఉంది. ఒక్క బ్యాచ్ చూసి నేను సరే అన్నాను."

"నేనూ అన్నాను." ఆయన గొట్టాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఒక మాట చెప్పు. ఆ రోజు ఆ నంబరు వచ్చిందా, లేదా?"

"వచ్చింది సార్."

"మీటరు తప్పా?"

"కాదు."

"మరి అబద్ధం ఎక్కడుందమ్మా? వచ్చిన నంబరే చూపిస్తున్నాం. ఆర్డరు చేతికొస్తే ఆ కర్పూరం సంగతి నెమ్మదిగా తేల్చుకోవచ్చు. కర్పూరం కూడా మన పద్ధతిలో భాగమే అనుకో."

భవానికి పాత ల్యాబు గుర్తొచ్చింది. పాసైన రోజు.

"మధ్యలో ఉన్న దారాలే బాగున్నాయి సార్. ముందున్నవి పూడిపోయాయి, వెనకవాటికి అందలేదు. వాళ్ళ ప్లాంట్‌లో కట్ట మొత్తం ఒక్కలాగా ఉండాలి. అది ఎలా చెయ్యాలో నాకు తెలీదు."

"టైమిస్తే?"

"చెయ్యగలనని కూడా చెప్పలేను."

కృష్ణబాబు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన చెడ్డవాడు కాదు. రిటైరైన డబ్బంతా ఆ షెడ్డులోనే పెట్టినవాడు.

"నువ్వే కదమ్మా పిప్పి అన్నావు."

"నేనే సార్."

"ఆ డ్రమ్ములు పోవాలనే అన్నావు. నాకు తెలుసులే."

ఆమె అవునన్నట్టు తలూపింది.

"అయితే పాలిఇమైడే," అన్నాడాయన. "వాళ్ళకి నేను ఫోన్ చేస్తాను. మాట మార్చామని తిడతారు. ఒప్పుకుంటే ఒప్పుకుంటారు."

"ఫ్యాను, సార్?"

"ఒప్పుకోనీ."

వాళ్ళు తిట్టి, ఒప్పుకున్నారు. చిన్న కట్ట ఒకటి చేసి చూపించమన్నారు. పని చేస్తే మిగతాది. గడువు మాత్రం పెంచలేదు. ఫ్యాను వచ్చేలోపే దారం తియ్యాలి.

కృష్ణబాబు త్రినాధరావుని పని మానిపించలేదు. షెడ్డు లోపల అగ్గిపెట్టె కనిపించకూడదని మాత్రం అన్నాడు. పసుపు పొడి పాకం కలిపే రోజు త్రినాధరావు గేటు బయటికి వెళ్ళి, కాలవ గట్టు మీద కర్పూరం వెలిగించి వచ్చాడు. ప్లాస్టిక్కుకి వెలిగించనన్న మనిషి ఎవరి కోసం వెలిగించాడో భవాని అడగలేదు.

దుర్గ దారం గదిలోకి వచ్చేసరికి భవాని తొట్టి దగ్గర కూర్చుని ఉంది. మోచేతుల దాకా గ్లౌజులు, మెడలో మాస్కు. గాజు తలుపు అవతల, టెస్టు బల్ల మీద మీటరు ఆన్ చేసి ఉంది.

"నువ్వు అక్కడ కూర్చో," అంది భవాని. "ముల్లు నిలబడ్డాక రాసుకో. తలుపేసుకో."

"అక్కా, దారం నీకు తెగిపోద్ది."

"తెగితే ముడేత్తాను."

"దీనికి ముడి పడదు కదక్కా." దుర్గ గుమ్మంలోనే నిలబడింది. "మరి నీకో?"

"నాకేటే. పో, తలుపెయ్యి."

దుర్గ తలుపేసింది. గాజు అవతల మీటరు ముందు కూర్చుని, దాన్ని కాకుండా ఇటే చూస్తోంది. త్రినాధరావు టార్పాలిన్ తీసి డ్రమ్ము దొర్లించుకొచ్చి మూత తిప్పాడు. భవాని మాస్కు పైకి లాక్కునేలోపే వాసన అందింది. ఘాటు లేదు. కొంచెం చేపల నీచులా.

ఈసారి ఆమె గుర్తుపట్టింది. మాస్కు బిగించి, పసుపు పొడి కరిగించి, పాకం వదిలింది. తొలి దారం నీళ్ళలోకి దిగుతూనే తెగింది. రెండోది తెగలేదు.